కుడిచేతి గడియారం

నాకు పగ పట్టడం వచ్చు. మా ఇంట్లో ఇంకెవరికీ రాదు. ఆదివారం చర్చిలో అయ్యగారు క్షమాపణ గురించి చెబుతుంటే మా అమ్మ కళ్లు తుడుచుకుంటుంది, మా చెల్లె తల ఊపుతుంది. నేను అంతా బుద్ధిగా విని, ఇంటికొచ్చి బియ్యం కడుగుతూ పళ్లు నూరుతాను. ఒక మనిషి మీద అట్లా చాలా కాలం నూరాను. అతను మా వైపు పెద్ద నాయకుడు. ఊరంతా అన్నా అని పిలుస్తుంది. నేనూ అన్నా అనే పిలిచాను. పిలిచిన ప్రతిసారీ నోరు చేదయింది.

పాలమూరు నుంచి కోస్గి పోయే దారిలో ఉంటుంది మా ఊరు. అక్కడ అంగన్‌వాడీ టీచర్ని నేను. నా చెల్లె నర్సు. మా నాయిన పరాయి పొలాల్లో జీతమున్నాడు, అమ్మ కూలికి పోయింది, అట్లా చదివించారు మమ్మల్ని. తెలంగాణ వచ్చిన కొన్నేళ్లకు చెల్లె, మరిది కలిసి ఒక చలిదేశం పోయారు. అక్కడ ముసలివాళ్లను చూసుకునే చోట చెల్లెకు ఉద్యోగం దొరికింది. ఆ దేశం పేరు ఇక్కడ రాయను. వాళ్ల మీద కోపం లేక కాదు. కానీ వాళ్లకు నా చెల్లె ఎవరో తెలియదు. మా అన్నకు తెలుసు. తెలిసీ చేసినవాడి మీద కోపం వేరు.

ఒక ఎండాకాలం చెల్లె పిల్లలతో ఊరికొచ్చింది. బిడ్డకు నాలుగేళ్లు, కొడుకు ఇంకా చంకలోనే ఉన్నాడు. వచ్చిన వారానికే బిడ్డకు పసిరికలయ్యాయి, అంటే పచ్చకామెర్లు. కళ్లు పసుపు, గోళ్లు పసుపు, అన్నం చూస్తే వాంతి. పాలమూరు దవాఖానలో చూపించాం. మందులిచ్చి, మెల్లగా తగ్గుతుందన్నారు. మెల్లగా అన్న మాట మా అమ్మకు నచ్చలేదు. చెల్లె ఏదో పని మీద హైదరాబాద్ పోయింది, నేను ట్రైనింగుకు పోయాను. అదే అదను చూసుకుని అమ్మ పిల్లను చంకనేసుకుని పక్క ఊరికి పోయి చేతికి వాత పెట్టించుకొచ్చింది. కుడిచేతి మణికట్టు మీద, లోపలి వైపు, గుండ్రంగా, చొక్కా గుండీ అంత.

మా దగ్గర పసిరికలకు వాత పెట్టించడం ఎవరికీ వింత కాదు. వద్దని తల్లులకు చెప్పడం నా ఉద్యోగంలో ఒక పని. గొంతు అరిగేలా చెప్పాను. చివరికి నా ఇంట్లోనే జరిగింది.

"తగ్గిందా లేదా?" అని అమ్మ నా మీదికే వచ్చింది.

"మందులకు తగ్గిందే. గింత పిల్లను కాల్పిచ్చొస్తవా? నీకు చేతులెట్లొచ్చినయి?"

"నీకు పెట్టిచ్చినప్పుడు గూడ గిట్లనే వచ్చినయి. సచ్చినవా? టీచరువైనవు."

చెల్లె హైదరాబాద్ నుంచి వచ్చి ఆ చేతిని చూసి ఏడ్చింది, అమ్మతో రెండు రోజులు మాట్లాడలేదు. తర్వాత పుండు మానింది, మాటలూ కలిశాయి, సెలవు అయిపోయి వాళ్లు పోయారు. మచ్చ మాత్రం పిల్లతో పాటు విమానమెక్కింది.

తర్వాత ఒక పొద్దున అంగన్‌వాడీలో పిల్లలకు గుడ్లు ఉడకబెడుతుంటే ఫోన్ మోగింది.

"అక్కా, పిల్లల్ని తీస్కపోయిన్రు," అంది చెల్లె.

"ఎవలు?"

"గవర్నమెంటోళ్లు. బడిల చేతులు కడిగిస్తుంటే టీచర్ వాత చూసిందంట. ఎవరు కాల్చిన్రని అడిగితే ఇంట్ల అని చెప్పిందంట పిల్ల. చిన్నోన్ని గూడ తీస్కపోయిన్రు అక్కా. వానికేం కాలే. వాన్ని గూడ తీస్కపోయిన్రు."

నీళ్లు ఇగిరిపోయి గుడ్లు మాడిపోయాయి.

పిల్లల్ని ఒక సర్కారు ఇంట్లో ఉంచారు. హాస్టల్ అనరు, జైలు అనరు. గేటుకు తాళం ఉంటుంది. తల్లిదండ్రులు వారానికి ఒక గంట చూడొచ్చు. పక్కన ఒక ఆఫీసరు కూర్చుంటుంది. ఆమెకు అర్థం కావాలి కాబట్టి తెలుగులో మాట్లాడకూడదు. కన్న పిల్లతో పరాయి భాషలో "తిన్నావా" అని అడగాలి. మా చెల్లె అట్లా అడిగి అడిగి, ఇంటికొచ్చి నాకు ఫోన్ చేసి తెలుగులో ఏడ్చేది. మొదట్లో బిడ్డ దొంగచాటుగా చెవిలో "ఇంటికి పోదాం" అనేదట. ఆ తర్వాత అదీ మానేసింది.

అక్కడి మన ఎంబసీలో ఒక చిన్న వయసు ఆఫీసరమ్మ ఉండేది. మన వైపు మనిషి కాదు, తెలుగు రాదు. అయినా మనసు పెట్టి పని చేసింది. ఆమె చెల్లెకు విడమరచి చెప్పింది. ఆ దేశపు కోర్టుకు తెలియాల్సింది ఒకటే. ఈ కాలిన గుర్తు తల్లిదండ్రులు హింసించడం వల్ల వచ్చిందా, లేక వాళ్ల ఊళ్లో జబ్బుకు పెట్టే వాతా? వాత అని ఇండియా ప్రభుత్వం చెబితే తల్లిదండ్రుల మీద తప్పు ఉండదు, పిల్లలు ఇంటికొస్తారు. రెండు దేశాల మధ్య జరిగిన రాయబారమంతా ఈ ఒక్క ప్రశ్న మీదే. ఆ ప్రశ్న ఎంబసీ నుంచి ఢిల్లీకి, ఢిల్లీ నుంచి హైదరాబాద్‌కు, అక్కడి నుంచి మా జిల్లాకు దిగింది. మీ దగ్గర ఇట్లాంటి ఆచారం ఉందా? ఉంది అంటే చాలు. నేను ఆ రోజు హాయిగా నిద్రపోయాను. ఉన్నదాన్ని ఉంది అనడానికి ఎవరికి నొప్పి అనుకున్నాను.

అన్న కబురు పెట్టాడు. పోయేసరికి ఆయన ఇంటి ముందు గదిలో జిల్లా ఆఫీసు నుంచి వచ్చిన ఒక డాక్టరు కూర్చుని ఉన్నాడు. ముందు టీ, బిస్కెట్లు ఉన్నాయి. జవాబు ఏం పంపాలో అన్నను అడగడానికి వచ్చాడు. జబ్బుల సంగతి డాక్టరు నాయకుణ్ణి అడగడమేమిటని నాకు అప్పుడే అనుమానం వేయాల్సింది. వేయలేదు.

"లేదని పంపుండ్రి డాక్టర్ సాబ్," అన్నాడు అన్న. "మనకాడ గసోంటి ఆచారమే లేదు. ఎన్నడో తాతల కాలంల ఉండెనేమో."

నా చెవులను నేను నమ్మలేకపోయాను. "అన్నా, ఉంది గదా," అన్నాను. "లేదంటే మా చెల్లె అబద్ధమాడినట్టైతది. పిల్లలు రారు."

"చెల్లె, నువ్వు గా ఇద్దరు పిల్లల్నే చూస్తున్నవు. నేను దేశం ఇజ్జత్ చూస్తున్న. గా దేశపోళ్లు మనకాడ కంపెనీ పెడ్తరని నేను తిరుగుతున్న. పిల్లల్ని కాల్చుకునేటోళ్లమని మనంతట మనమే చెప్పుకుంటే ఎవడొస్తడు? పిల్లల సంగతి నేను వేరే తీరుగ మాట్లాడ్త. ఫికర్ చెయ్యకు."

ఆ మాట అంటూ కుడిచేతి గడియారాన్ని కొంచెం కిందికి లాక్కున్నాడు.

ఆ గడియారం గురించి చెప్పాలి. అన్న గడియారం కుడిచేతికి కడతాడు. పెద్ద డయలు, వెడల్పు పట్టీ. అదేదో స్టైలనుకుని మా వైపు కార్యకర్తలంతా కుడిచేతికే కడతారు. పెళ్లి ఫొటోల్లో చూడండి, వరుసగా కుడిచేతి గడియారాలే. కానీ నేను అన్నతో ఒకే బడిలో చదివాను, ఆయన నాకంటే రెండు తరగతులు పైన. అప్పుడు గడియారం లేదు, చొక్కాకు గుండీలు కూడా సరిగా లేవు. కబడ్డీలో మగపిల్లలు పట్టు పట్టినప్పుడు అందరం చూశాం. కుడిచేతి మణికట్టు మీద, లోపలి వైపు, గుండ్రంగా. మా చెల్లె బిడ్డకు ఉన్నచోటే.

"అన్నా, నీకు గూడ..." అని మొదలుపెట్టాను.

ఆయన నా వైపు చూశాడు. నవ్వు అట్లాగే ఉంది. "నీది సర్కారు కొలువే గదా చెల్లె? జర సూస్కోని మాట్లాడాలె."

డాక్టరు ఇంకో బిస్కెట్ తీసి టీలో ముంచాడు. నేను లేచి వచ్చేశాను. బస్సులో దారంతా నన్ను నేనే తిట్టుకున్నాను. ఆ టీ కప్పు తీసి అన్న తెల్లచొక్కా మీద పోయకుండా ఎందుకు వచ్చానని. రాత్రి చెల్లెకు ఫోన్ చేసి జరిగింది చెబితే, "అన్నతోని లొల్లి పెట్టుకోకే అక్కా, కాళ్లు మొక్కుత, ఆయన ఒక్కడే గదా మనకు దిక్కు," అని బతిమాలింది. అందుకని మింగాను. మింగినదేదీ నాకు అరగదు.

జవాబు పోయింది. ఆ ప్రాంతంలో అట్లాంటి ఆచారం లేదని వాళ్ల ప్రభుత్వమే చెప్పింది కదా, మరి ఈ తల్లి అబద్ధమాడుతున్నట్టే కదా అని అక్కడి సర్కారు లాయరు కోర్టులో అడిగాడు. వారానికి ఒక గంట కాస్తా నెలకు ఒక గంట అయింది. ఆ కబురు చెల్లె ఫోన్ చేసి చెప్పింది.

అదే వారం కోస్గి చౌరస్తాలో పెద్ద ఫ్లెక్సీ వెలిసింది. విదేశంలో బందీలైన మన చిన్నారుల కోసం అలుపెరగని పోరాటం చేస్తున్న అన్నకు జేజేలు. ఎడమ పక్క అన్న చేతులు జోడించి నిల్చున్నాడు. కుడి పక్క మా పిల్లలిద్దరి బొమ్మలు, ఎవరి ఫోన్లోంచో తీసుకుని కత్తిరించి అతికించినవి. చిన్నోడి చేతిలో మా చెల్లె చెయ్యి ఉండాలి. దాన్ని కోసేశారు. నేను ఆ ఫ్లెక్సీ కింద నిలబడి, ఈ మనిషి గడియారం అందరి ముందు ఊడదీయకపోతే నేను మా నాయిన బిడ్డనే కాదనుకున్నాను. దేవుడు క్షమించమంటాడు. ఆయనకు ఆ ఫ్లెక్సీ కనబడి ఉండదు.

ఎంబసీ ఆఫీసరమ్మ చేతులు దులుపుకోలేదు. సర్కారు లేదంటే లేదా, ఊళ్లో మనుషుల చేతులు ఏమంటాయి, చూపించగలరా అని చెల్లె ద్వారా అడిగించింది. పిల్లల్ని బరువు తూచే రోజు తల్లులు, అమ్మమ్మలు అంగన్‌వాడీకి వస్తారు. వచ్చిన వాళ్లందరినీ చేతులు చూపమని అడిగాను. ఒక్కరూ చూపలేదు. కొంగు కప్పేసుకున్నారు. ఇన్నేళ్లు వాత పెట్టిస్తే కేసవుతుందని బెదిరించింది నేనే మరి. ఇప్పుడు ఫోన్ పట్టుకుని ఫొటో తీస్తానంటే ఎవరు నమ్ముతారు?

అయితే నేను అడిగిన మాట ఊళ్లో తిరిగి తిరిగి ఇంకోలా అయింది. టీచరమ్మ వాతలు రాసుకుంటోంది, వాతలున్నవాళ్లకు పింఛను వస్తుందట! రెండో రోజు పొద్దున్నే అంగన్‌వాడీ ముందు జనం. ముసలివాళ్లు, నడివయసువాళ్లు, తండాల నుంచి ఆటోల్లో వచ్చినవాళ్లు. చేతికి పెట్టించుకున్నవాళ్లు, కడుపు మీద పెట్టించుకున్నవాళ్లు. ఒక పెద్దాయన నడుం వెనక వాత చూపించడానికి ధోవతి జారుస్తుంటే ఆపాల్సి వచ్చింది. ఒకామె రెండు వాతలున్నాయి, రెండు పింఛన్లు వస్తాయా అని అడిగింది.

పింఛను లేదు, పిల్లల కోసం అని అందరికీ చెప్పాను. కొందరు తిట్టుకుంటూ పోయారు. ఎక్కువమంది పోలేదు. రెండు పింఛన్లు అడిగినామే ముందుకొచ్చి, "పింఛన్ లేకుంటే పాయె, పిల్లలు రావాలె. తియ్యి నా ఫొటో," అని చెయ్యి చాచింది. కోస్గిలో వార్తలు రాసే ఒకతను వచ్చి వీడియో తీశాడు. చేతులు, చేతులు, చేతులు. చివర్న మా అమ్మ వచ్చి కెమెరా ముందు నిలబడింది. ఎప్పుడూ నాతో వాదించే మనిషి ఆ రోజు తలొంచుకుని మాట్లాడింది.

"నేనే పెట్టిచ్చిన. నా బిడ్డకు ఎరుకే లేదు. తప్పు నాది. నన్ను జేల్ల ఏస్తరా, ఏయుండ్రి. పిల్లల్ని వాళ్లమ్మకియ్యుండ్రి."

ఆ వీడియో ఫోన్ల మీద ఎక్కడెక్కడికో పోయింది. ఆఫీసరమ్మ దాన్ని ఢిల్లీకీ పంపింది, ఆ దేశపు ఆఫీసుల ముందూ పెట్టింది. ఢిల్లీ నుంచి మళ్లీ ప్రశ్న దిగింది. ఈసారి అన్నను అడగకుండా జవాబు పోయింది. ఉంది, మాన్పించే ప్రయత్నం జరుగుతోంది అని. ఈ మాత్రం మాట మొదటే అని ఉంటే నా చెల్లె బిడ్డ తెలుగు మర్చిపోయేది కాదు. అన్న నాకు ఫోన్ చేసి తిట్టిన తిట్లు ఇక్కడ రాయదగ్గవి కావు. సర్కారు భవనంలో అనుమతి లేకుండా జనాన్ని పోగేసినందుకు సంజాయిషీ అడిగారు నన్ను. ఇచ్చాను.

చివరికి పిల్లల్ని వదిలారు. ఇండియా పంపుతాం, పెద్దమ్మ దగ్గర ఉంచాలి, బాలల ఆఫీసు వాళ్లు చూస్తుండాలి అన్న షరతు మీద. చెల్లె, మరిది కూడా అదే విమానంలో వచ్చారు. పాలమూరులో బాలల ఆఫీసు వాళ్లు పిల్లల్ని నాకు అప్పగించాలి. ఆ తేదీ రాఖీ పున్నమికి దగ్గర్లో పడింది. అన్న టీవీ కెమెరాలతో, శాలువాలతో వస్తున్నాడని ముందే తెలిసింది. సిగ్గులేని మనిషి రాక ఊరుకోడని నాకు తెలుసు. ఆ ధైర్యంతోనే ఎదురుచూశాను.

ముందు రోజు కోస్గి బజారుకు పోయాను. గాజుల దుకాణం నడిపే ముస్లిం అమ్మ నాకు చిన్ననాటి నుంచి పరిచయం. అన్నిటికంటే పెద్ద రాఖీ అడిగాను.

"గింత పెద్దది ఎవలికి?" అంది.

"మా అన్నకు."

ఆమె నా మొఖం చూసి ఇంకేమీ అడగలేదు. మెరుపులున్నది ఏరి ఇచ్చింది.

మర్నాడు ఆఫీసు వరండాలో ఇసుకేస్తే రాలనంత జనం. పిల్లలు కారు దిగారు. చిన్నోడు వాళ్లమ్మ మెడ వదలడం లేదు. బిడ్డ పొడుగైంది. నేను "బిడ్డా" అని పిలిస్తే మర్యాదగా నవ్వింది, కొత్తవాళ్లను చూసి నవ్వినట్టు. మా అమ్మ దూరంగా స్తంభం పక్కన నిలబడి, ముట్టుకోవడానికి భయపడి చేతులు కొంగులో దాచుకుంది. అంతలో అన్న వచ్చి పిల్ల భుజం మీద చెయ్యి వేసి కెమెరాల వైపు తిరిగాడు. ఢిల్లీతో ఎన్నిసార్లు మాట్లాడాడో, ఎన్ని నిద్రలేని రాత్రులు గడిపాడో చెప్పాడు. అంతా అయ్యేదాకా ఆగాను.

"అన్నా, రాఖీ తెచ్చిన," అన్నాను గట్టిగా.

మొఖం వెలిగింది పాపం. నేను లొంగిపోయాననుకున్నాడు. కుడిచెయ్యి చాచాడు. నిరుడు ఆయనకు ఆడవాళ్లు కట్టిన రాఖీల ఫొటోలు నేను చూశాను. అన్నీ గడియారానికి పైన, మోచేతి దాకా ఉంటాయి.

"గడియారం తియ్యన్నా. మా ఇంట్ల ఆనవాయితీ. మొదటి రాఖీ నాడి మీదనే కట్టాలె."

మా ఇంట్లో అట్లాంటి ఆనవాయితీ ఏదీ లేదు. ఉన్న ఆచారాన్ని లేదన్న మనిషి కోసం, లేని ఆచారం ఒకటి అప్పటికప్పుడు పుట్టించాను.

"పైన కట్టు చెల్లె, పర్వాలేదు," అన్నాడు.

"చెల్లె అడిగితే గడియారం తియ్యవా అన్నా?"

కెమెరాలన్నీ ఆయన చేతి మీదే ఉన్నాయి. వెనక నుంచి ఆయన మనుషులే "తియ్యన్నా, తియ్యి" అన్నారు, వాళ్లకేం తెలుసు. ఒకడు ప్రేమగా ముందుకొచ్చి తనే పట్టీ ఊడదీశాడు. తెల్లగా పాలిపోయిన చర్మం, దాని నడుమ గుండ్రటి వాత. ఇన్నేళ్ల తర్వాత కూడా అట్లాగే ఉంది. నేను ఆ చెయ్యి పట్టుకుని, రాఖీ కట్టకుండా, లోపలి వైపు కెమెరాలకు కనబడేట్టు తిప్పాను. అన్న మొఖం మాడిపోయింది. నాకు ఎంత హాయిగా ఉందో దాచను. ఒక మాట అందామని ఎన్నో రోజులుగా కూర్చి పెట్టుకున్నాను. నోరు తెరిచాను.

నా కంటే ముందు చెల్లె బిడ్డ కదిలింది. జనాన్నీ కెమెరాలనూ పట్టించుకోకుండా దగ్గరికొచ్చి ఆ మచ్చ మీద వేలు పెట్టింది. తర్వాత తన చెయ్యి తెచ్చి దాని పక్కన ఆనించింది. రెండూ చూసింది. తలెత్తి, ఆ చలిదేశం భాషలో, చాలా మెల్లగా అన్నను ఏదో అడిగింది.

అన్నకు చెమట పట్టింది. "ఏమంటాంది పిల్ల?" అన్నాడు.

చెల్లె చిన్నోణ్ణి భుజం మార్చుకుని, అన్న కళ్లలోకి చూస్తూ తెలుగులో చెప్పింది.

"నిన్ను గూడ మీ అమ్మకాన్నుంచి తీస్కపోయిన్రా అని అడుగుతాంది. ఎన్నొద్దులకు ఇడిచిపెట్టిన్రు అని."

అన్న చెయ్యి వెనక్కి లాక్కోబోయాడు. నేను వదల్లేదు.

"పిల్ల అడుగుతాంది గదన్నా," అన్నాను. "చెప్పు."